చెరువు మన్నుతో వచ్చిన నత్తలు

రెండేళ్ళ కింద మే నెలలో మా మామిడితోటకు నలభై ట్రిప్పుల చెరువు మన్ను తోలించాను. మా ఊరు పాకాలకు దగ్గర. నేను ఉద్యోగం చేసేది తిరుపతిలో, తోట చూసుకునేది మా చిన్నాయన. చెట్లు బక్కచిక్కి ఉన్నాయి, చెరువు ఎండి ఉంది, ఊళ్ళోకి జేసీబీ వచ్చి ఉంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని చిన్నాయనే ఫోన్ చేశాడు. చెట్టు పక్కన ఒక్కో కుప్ప పోయించి, పరిచే పని వాన పడ్డాక చూసుకుందామని వదిలేశాం.

జూన్‌లో ఒక రాత్రి గట్టి వాన పడింది. శనివారం కావడంతో నేను ఊళ్ళోనే ఉన్నాను. పొద్దున తోటలోకి పోతే కుప్పల మీద ఏవో కదులుతున్నాయి. దగ్గరికి పోయి చూస్తే నత్తలు. నిమ్మకాయంతవి ఉన్నాయి, రేగుపండంతవి ఉన్నాయి. మూతలు తెరిచి, కొమ్ములు చాచి నీళ్ళ కోసం వెతుక్కుంటున్నాయి. చెరువు అక్కడికి కిలోమీటరున్నర. నత్తకు ఆ సంగతేం తెలుసు? వేసవికి ముందు బురదలో పడుకుంది. వాన పడింది, మన్ను నానింది, ఇక పైకి పోతే నీళ్ళుంటాయి. ఎన్ని తరాలుగానో దాని లెక్క అదే. ఈసారి పైకి వచ్చి చూస్తే మామిడాకులు.

"చిన్నాయనా, ఇవి బతికే ఉండాయి" అన్నాను.

"బతికుంటే కాకులకు పండగే" అన్నాడు.

రెండు బక్కెట్లకు ఏరి, బండి మీద పెట్టుకుని పోయి చెరువులో నిలిచిన మోకాలి లోతు మడుగులో వదిలి వచ్చాను. మిగిలినవి ఎన్నో తెలీదు. మధ్యాహ్నానికి ఎండ కాసింది. తర్వాత వారం రోజులు తోటలోకి అడుగుపెట్టలేకపోయాం. చచ్చిన నత్త కంపు ఎట్లుంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఆ కంపు పోయింది గానీ దాంతో వచ్చిన ఆలోచన పోలేదు. నా వాదన ఇది: మా జిల్లాలో చెరువు పూడిక తీసే పద్ధతి మారాలి. తీయొద్దని అనను, తోలించుకున్నవాణ్ణే నేను. ఒకే వేసవిలో చెరువు మొత్తం గీకెయ్యొద్దు. సగం ఈ ఏడు తీస్తే, సగం పై ఏటికి వదలండి. వంక నీళ్ళు వచ్చి చేరే వైపు ఉండే లోతులేని అంచును మాత్రం అసలు ముట్టుకోవద్దు. "నత్తల కోసమా?" అని నవ్వుతారు. అవును, నత్తల కోసమే. ఎందుకో చెప్పాలంటే ముందు నత్త ఎట్లా బతుకుతుందో చెప్పాలి.

మనం నత్త అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ మా చెరువు అంచున ఓపిగ్గా కూర్చుంటే నాలుగైదు రకాలు కనపడతాయి. తోటలో నేను చూసిన పెద్దది పిలా. మా చెల్లెలు బీజడ్సీ చదివేటప్పుడు ల్యాబ్‌లో కోసింది దీన్నే. 1925లోనే బైనీ ప్రసాద్ అనే శాస్త్రవేత్త దీని శరీర నిర్మాణాన్ని పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. మన దేశంలో జువాలజీ చదివి పిలా గురించి చదవనివాళ్ళు అరుదు. దీనికి మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. నీళ్ళు బాగున్నంత కాలం మొప్పతో లాక్కొస్తుంది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మెడ పక్కనున్న కండను గొట్టంలా చుట్టి నీటి పైకి చాపుతుంది. ఒళ్ళంతా నీళ్ళలోనే, గొట్టం కొస మాత్రం బయట. చిన్నప్పుడు మేము దాన్ని "నత్త చుట్ట తాగతా ఉంది" అనేవాళ్ళం.

వేసవిలో నీళ్ళు తగ్గేకొద్దీ పిలా బురదలోకి దిగుతుంది. గుల్లలోకి పూర్తిగా ముడుచుకుని సున్నపు మూత బిగించేస్తుంది. ఒంట్లో దాచుకున్నదాన్ని పొదుపుగా వాడుకుంటూ నెలల తరబడి అట్లాగే ఉండిపోతుంది. పుస్తకాల్లో గ్రీష్మకాల సుప్తావస్థ అని ఉంటుంది. మా చిన్నాయన "ఉపాసం" అంటాడు. ఆ ఉపాసం కూడా ఎక్కడ పడితే అక్కడ కుదరదు. పైన నెర్రెలు బారినా ఫర్వాలేదు, గడ్డపారతో జానెడు లోతు తవ్వితే చేతికి చల్లగా తగిలే మన్ను ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. మనం పూడిక తీసేది ఎప్పుడు? చెరువు ఎండినప్పుడే. జేసీబీ బొచ్చె దిగేది ఎంత లోతుకు? సరిగ్గా అవి పడుకున్న లోతుకు. నీళ్ళుంటే నత్తను పట్టుకోవడానికి కొంగైనా కష్టపడాలి. మే నెలలో అది తలుపేసుకుని పడుకుని ఉంటే మనం పోయి ఇంటితో సహా ఎత్తి ట్రాక్టర్లో వేస్తున్నాం.

పాతకాలంలో పూడిక తీయలేదా అంటే తీశారు. మా తాత ఎద్దుల బండితో తోలేవాడు. పారతో తవ్వి గంపతో మోసి బండి నింపాలంటే పూట పట్టేది. ఒక ఎండాకాలంలో ఒక రైతు తీసుకున్నది చెరువులో ఒక మూల. ఆ గుంత పక్కన ముట్టుకోని నేల ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు ఐదు రోజుల్లో చెరువు మొత్తం పళ్ళెం తుడిచినట్టు అయిపోతుంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వ పథకం నీరు-చెట్టు వచ్చినప్పటి నుంచి ఈ పనికి ఊపు వచ్చింది. చెరువు లోతు పెరిగింది, బోర్లలో నీళ్ళు పెరిగాయి, నేను కాదనను. పని వేగం మారింది, దాంతో పాటు మారాల్సిన జాగ్రత్త మారలేదు. నా గొడవంతా అక్కడే.

మిగతా రకాల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతా. పిలా కన్నా చిన్నగా, గోధుమ పచ్చ రంగులో గుల్ల మీద సన్నటి చారలుండే బెల్లమ్యా అని ఒకటుంది. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మిరియపు గింజంత పిల్ల పుట్టేటప్పటికే దానికి సొంత గుల్ల ఉంటుంది. మూత లేని పల్చటి గుల్లతో లిమ్నియా ఉంటుంది. దాంట్లో ప్రతి నత్తా ఆడా మగా రెండూనూ. ఆకుల అడుగున జిగురు పట్టీల్లాగా గుడ్లు పెడుతుంది. మురుకులా చదునుగా చుట్టుకున్నది ఇండోప్లానార్బిస్. మనలాగే దాని రక్తంలో హీమోగ్లోబిన్ ఉండటంతో ఎర్రగా ఉంటుంది. మిగతా వాటి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, గాలి తగిలితే నీలిరంగు తిరుగుతుంది.

రాగి అంటే నాకు ఒక పాపం గుర్తొస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో తిరుపతిలో మా మిద్దె మీద సిమెంటు తొట్టి పెట్టి తామర వేశాను. దుంపతో పాటు వేళ్ళకు అంటుకుని లిమ్నియాలు, మురుకు నత్తలు వచ్చాయి. నెలకల్లా వందయ్యాయి. తామరాకులకు చిల్లులు కనపడ్డాయి. నేను కంగారుపడి మొక్కలమ్మే ఆయన్ని అడిగితే "చిటికెడు మైలుతుత్తం వెయ్యి సార్" అన్నాడు. వేశాను. తెల్లారేసరికి నత్తలన్నీ అడుగున పడి ఉన్నాయి. రెండో రోజుకు గప్పీ చేపలు తేలాయి. వారం పది రోజులకు నీళ్ళు కషాయంలా పచ్చగా మారాయి. రక్తంలోనే రాగి ఉన్న జీవి నీళ్ళలో కలిసిన చిటికెడు రాగికి చచ్చిపోతుందని ఆ తర్వాత చదివి తెలుసుకున్నా. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటే కదా. పైగా ఆ చిల్లులు పడ్డవి పండి కుళ్ళడం మొదలైన ఆకులు. ఈ చిన్న నత్తల నాలుక మీద వరసలుగా పళ్ళుంటాయి. అది ఆకురాయిలాంటిది. దాంతో రాళ్ళ మీదా కాడల మీదా పట్టిన పాచిని గీక్కుని తింటాయి, మెత్తబడ్డ ఆకునూ తింటాయి. ఆరోగ్యంగా ఉన్న తామరాకు జోలికి పెద్దగా పోవు. పిలా అయితే లేత ఆకుల్నీ నమిలేస్తుంది, దాన్ని తొట్టిలో పెట్టుకుని తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

రెండోసారి బుద్ధిగా పెంచుదామని మొదలుపెట్టి ఇంకో తెలివితక్కువ పని చేశాను. బోరు నీళ్ళు వద్దు, మంచి నీళ్ళు పోద్దామని ఆర్వో ప్లాంటు క్యాన్ల నీళ్ళు పోశాను. మూడు నెలలకు నత్తల గుల్లల కొసలు తెల్లగా పొలుసు రాలినట్టు అయిపోయాయి. కొత్తగా పుట్టినవాటి గుల్ల వేలితో తాకితే విరిగేది. నత్త గుల్ల సున్నమే కదా. ఆ సున్నం కొంత తిండి నుంచి, కొంత నీళ్ళ నుంచి రావాలి. మిషను వడగట్టిన నీళ్ళలో అది ఉండదు. నీళ్ళు పులుపు తిరిగితే ఉన్న గుల్ల కూడా కరుగుతుంది. మళ్ళీ బోరు నీళ్ళకు మారి, నాలుగు కోడిగుడ్డు పెంకులు పొడిచేసి వేసేసరికి కొత్త చుట్లు గట్టిగా వచ్చాయి. గీజరు పాడుచేసి, కొళాయిల మీద తెల్ల పొర కట్టి, మా ఆవిడ చేత రోజూ తిట్లు తినే బోరు నీళ్ళలోని సున్నమే నత్తకు ఇల్లు కట్టుకునే సరుకు. చెరువులో ఆ సరుకు మన్ను నుంచి వస్తుంది, చచ్చిన పాత నత్తల గుల్లల నుంచీ వస్తుంది. పులికాట్ వైపు గుల్ల ఏరి కాల్చి సున్నం చేసేవాళ్ళు, అదే గోడకూ పోయేది, తాంబూలానికీ పోయేది. చెరువు మాత్రం తన గుల్లల్ని తన నత్తలకే తిరిగి ఇచ్చుకుంటుంది, మధ్యలో మనం మన్ను మొత్తం ఎత్తుకుపోకపోతే.

తొట్టి నేర్పింది ఇంకొకటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున మిద్దె ఎక్కితే నత్తలన్నీ నీటి అంచుకు వచ్చి ఉండేవి, కొన్ని బయటికే ఎక్కేవి. ఎండెక్కాక మళ్ళీ దిగేవి. ఎందుకంటే మొక్కలూ పాచీ పగలు ఎండలో ప్రాణవాయువు వదులుతాయి. రాత్రంతా అవి కూడా పీల్చుకునేవే. అందుకే తెల్లారేటప్పటికి నీళ్ళలో అది అడుగంటుతుంది, వేడి నీళ్ళలో అయితే మరీను. ఊపిరితిత్తి ఉన్న లిమ్నియా పైకి వచ్చి గాలి పీల్చుకుని బయటపడుతుంది. మొప్ప మాత్రమే ఉన్న బెల్లమ్యాకు ఆ దారి లేదు. ఊరి నుంచి తెచ్చిన ఆరు బెల్లమ్యాలు ఒక్క ఎండాకాలం కూడా నా తొట్టిలో నిలవలేదు. నాలుగడుగుల సిమెంటు తొట్టి నేను అనుకున్నట్టు చిన్న చెరువు కాదు. చెరువులో నీడ ఉంటుంది, లోతు ఉంటుంది, అటు వేడెక్కితే ఇటు జరగడానికి చోటుంటుంది.

ఇక చెరువు అంచు దగ్గరికి వస్తా. మా చెరువు కట్ట దగ్గర రెండు నిలువుల లోతు. వంక వచ్చి కలిసే వైపు మాత్రం గొర్రెలు తడవకుండా నడిచిపోయేంత పల్చన. తుంగ, జమ్ము, తూటాకు అన్నీ ఆ వైపే. మా చెరువు నీళ్ళు ఎర్రమన్ను కలిసి ఎప్పుడూ టీ రంగులో ఉంటాయి. వెలుగు లోతుకు పోదు. వెలుగు పోనిచోట పాచి పెరగదు, పాచి లేనిచోట నత్తకు తిండి లేదు. కాబట్టి ఇరవై ఎకరాల చెరువు అని రికార్డులో ఉన్నా నత్త లెక్కలో అది అంచు వెంబడి ఉండే ఒక పట్టీ. గుడ్లు పెట్టాలన్నా ఆ పట్టీనే కావాలి. వానాకాలంలో ఆడ పిలా నీళ్ళు వదిలి గట్టెక్కుతుంది. చెమ్మగా ఉన్న మెత్తటి మట్టిలో చిన్న గుంట చేసి, సగ్గుబియ్యం ముద్ద చేసి పెట్టినట్టు తెల్లటి గుడ్లు పెడుతుంది. అక్కడ రాళ్ళు పరిచి సిమెంటు పూస్తే అది గుంట ఎక్కడ చేస్తుంది?

ఆ పల్చటి వాలుతో ఇంకో లాభం ఉంది. యాభై అడుగుల దూరానికి ఒక అడుగు లోతయ్యే వాలు అనుకోండి. నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే నీటి అంచు యాభై సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అంటే అటు నీళ్ళూ ఇటు ఎండిన నేలా కాకుండా, మధ్యలో ఎప్పుడూ ఒక వెడల్పాటి తడి బురద ఉంటుంది. నత్తనడకన పోయేదానికి ఆ తీరిక కావాలి. బురద గట్టిపడేలోపు దిగి పడుకుంటుంది. అదే పక్కలు నిటారుగా కోసిన గుంట అయితే తడి అంచు బెత్తెడు కూడా ఉండదు.

2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత్ సరోవర్ పథకం చూడండి. జిల్లాకు 75 చెరువులు, ఒక్కోటి కనీసం ఒక ఎకరం, పట్టాల్సిన నీళ్ళు సుమారు 10,000 ఘనపు మీటర్లు. ఒక ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. భాగించి చూస్తే సగటు లోతు రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు. ఎకరంలో సగటున ఎనిమిది అడుగులు రావాలంటే పక్కలు నిటారుగా కోయక తప్పదు. తప్పు పథకానిది అనను. నీటి కరువున్న ప్రాంతంలో నీళ్ళను ఘనపు మీటర్లలో కొలవాల్సిందే. కొలత ఒక్కటే అయినప్పుడు, కొలతలో లేనిదాన్ని ఎవరూ కట్టరు. అంచు వాలు ఎంత ఉండాలో కూడా కాగితం మీద ఒక గీత ఉంటే కాంట్రాక్టరు ఆ గీత కూడా కోస్తాడు.

తిరుపతివాళ్ళు కొందరు "కోనేళ్ళలో రాతి మెట్లే కదా, వాటిలో నత్తలు లేవా?" అన్నారు. ఉంటాయి. మెట్ల మీద పాచి ఉంటుంది, గీక్కుని తింటాయి. కోనేరు పని వేరు, చెరువు పని వేరు. కోనేటిని మనం ఎండనివ్వం, ఎండితే అది శుభ్రం చేసే రోజు. స్వామి పుష్కరిణిని ఏడాదికోసారి తోడి కడిగి నింపినట్టు ఊరి చెరువును కడగలేం, కడగకూడదు కూడా. పార్కుల పేరుతో ఊరి చెరువులన్నిటికీ మెట్లూ, రాతి గోడలూ, నడిచే దారులూ కట్టి కోనేళ్ళు చేయాలని చూడటమే నాకు నచ్చనిది. "నత్తగుల్లలన్నీ ఒక రేవు, ముత్యపుచిప్పలన్నీ ఒక రేవు" అని సామెత. నత్తగుల్లల్ని చిన్నచూపు చూసిన సామెతే, అయినా వాటికంటూ ఒక రేవు వదిలింది.

నాకు వచ్చిన ఎదురు వాదనల్లో ఒకటి బలమైనది. మా ఊళ్ళో గొర్రెలు మేపే ఒకాయన నా మాటలు విని మండిపడ్డాడు. "నత్తలుంటే గొర్రెలు చస్తాయి సామీ, నీకేం, తిరుపతిలో కూర్చుంటావు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. కార్జపు జలగకు లిమ్నియా నత్త అద్దె ఇల్లు. జబ్బు పశువు పేడలోని గుడ్లు నీళ్ళలో పడి, పొదిగి, పిల్ల పురుగు నత్తలో దూరి, అక్కడ వందలుగా పెరిగి బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రె కార్జంలోకి చేరుతుంది. గొడ్లకు ముక్కులో కాయలు లేచి గురక పెట్టే జబ్బుకు మురుకు నత్త ఇల్లు. దీన్ని దాచిపెట్టి నత్తల గొప్ప చెబితే అది మోసం. కానీ ఆయనకు నేను చెప్పిన జవాబు కూడా వినండి. చెరువంతా గీకినా ఈ రెండు రకాలే ముందు తిరిగి వస్తాయి. ఒక్క లిమ్నియా చాలు, జత అక్కర్లేకుండా కూడా గుడ్లు పెట్టగలదు. గేదె కాలికి అంటిన తూటాకుతో వచ్చేస్తుంది, బోరు కాలవ గుంటలో కూడా బతుకుతుంది. అంత తేలిగ్గా తిరిగి రానివి పిలా, బెల్లమ్యాలు. అంటే గీకడం వల్ల జబ్బు నత్తలు మిగిలి, మంచివి పోతాయి. జబ్బుకు విరుగుడు ఏదంటే, వేళకు గొర్రెలకు మందు తాగించడం, పేడ నీళ్ళలో పడకుండా చూడటం, బురద అంచున మేపకుండా ఎత్తున నీళ్ళ తొట్టి కట్టించడం. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "తొట్టి ఎవరు కట్టిస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, పంచాయతీ దగ్గరా లేదు.

నత్తలు దోమ పిల్లల్ని తింటాయని కొందరు నా వైపు మాట్లాడబోయారు. తినవు. అబద్ధపు సాయం నాకు వద్దు. దోమలకు గప్పీ, గంబూసియా చేపలు ఉన్నాయి. ఇంకొందరు పెరట్లో బొప్పాయి మొక్కలు తినేసే పెద్ద నత్తల ఫొటోలు పంపి "వీటినా కాపాడమంటున్నావు?" అని అడిగారు. అవి ఆఫ్రికా నత్తలు, నేల మీద బతికేవి. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి తోటలో వదిలితే ఇక్కడిదాకా వచ్చాయి. చెరువు నత్తకూ దానికీ సంబంధం లేదు. అక్వేరియం షాపుల్లో అమ్మే పసుపు రంగు పెద్ద నత్తలు కూడా మనవి కావు, దక్షిణ అమెరికావి. పెంచి విసుగు పుడితే దయచేసి చెరువులో వదలొద్దు. వాటి దాయాదిని 1980ల్లో తిండికోసమని ఆసియా దేశాలకు తెచ్చుకుంటే, ఫిలిప్పీన్స్ రైతులు వరి మళ్ళు పోగొట్టుకున్నారు. నీటి పైన కాడలకు గులాబీ రంగు గుడ్ల గుత్తులు కనపడితే అది మన పిలా కాదని గుర్తు.

నత్త పోతే ఎవరికి నష్టం అంటే, నాకు ముందు గుర్తొచ్చేది నత్తగుల్ల కొంగ. పేరులోనే తిండి ఉన్న పక్షి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిలాను పట్టి, గుల్ల పగలగొట్టకుండానే కింది ముక్కు కొసను మూత సందులోంచి దూర్చి, గుల్లకు పట్టి ఉంచే కండను కోసి మాంసం బయటికి లాగేస్తుంది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రంలో గూడబాతులతో (పెలికాన్లతో) పాటు ఇవీ గూళ్ళు కడతాయి. నేలపట్టు ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే. అక్కడ పక్షుల పండగ చేస్తాం, దుర్బీన్లు అద్దెకు తెచ్చుకుని చూస్తాం. ఆ పక్షి పిల్లలకు తిండి తెచ్చేది చుట్టుపక్కల చెరువులూ వరి మళ్ళ నుంచే. గూడు ఉన్న చెట్టుకు కంచె వేసి, వంటిల్లు ఉన్న చెరువును గీకేస్తే ఆ కాపాడటం ఎన్నాళ్ళు?

మనుషుల సంగతీ ఉంది. మా వైపు నత్తల కూర తినేవాళ్ళున్నారు, మూలశంకకు మంచిదని నమ్ముతారు. అది ఎంత నిజమో నేను పూచీ పడను, బాగా ఉడికించి తినమని మాత్రం చెబుతా. వరి కోసిన మళ్ళలోకి వచ్చే బాతుల మందలు మేసేదాంట్లో కూడా నత్తలుంటాయి.

తిరిగి పూడిక దగ్గరికి. మా వైపు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి మొరవ పోతే, అంటే పొర్లితే, ఆ నీళ్ళు కింది చెరువుకు. ఒక చెరువులో నత్తలు పోయినా పై చెరువు నుంచి వరదతో కొట్టుకొస్తాయి, అదే వాటికి బస్సు. 2021 నవంబర్ వానల్లో మా గొలుసులో చెరువులన్నీ మొరవ పోయాయి. ఆ తర్వాతి ఏడాది అంచున ఎక్కడ కాలు పెట్టినా గుల్ల గుచ్చుకునేది. అదే వానల్లో రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట లీకై, కింది ఊళ్ళవాళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. అట్లాంటి రాత్రి కట్ట కింద ఇల్లున్నవాడికి నత్తల గురించి చెప్పేంత మూర్ఖుణ్ణి కాదు. కట్టలు బాగుచేయాలి, తూములు బాగుచేయాలి, పూడిక కూడా తీయాలి. గొలుసులో ఉన్న అన్ని చెరువుల్నీ ఒకే పథకంలో, ఒకే వేసవిలో గీకొద్దని మాత్రమే నేను అడిగేది. పై చెరువు తీసిన ఏడు కింది చెరువు వదిలితే బస్సు ఆగకుండా నడుస్తుంది.

పోయిన మే నెలలో మళ్ళీ జేసీబీ వచ్చింది. ఈసారి ముందే పోయి చిన్నాయనతో, చెరువు పని చూసే ఇద్దరితో మాట్లాడాను. తుంగ ఉన్న వైపు ముప్పై అడుగుల పట్టీ వదలమన్నాను. నేను తెచ్చిన లెక్కలు, కొంగల ఫొటోలు అన్నీ చూపించాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి నన్ను ఆదుకున్నది డ్రైవరు. "ఆ పక్క ఇంకా చెమ్మ ఉండాది సార్, బండి దిగబడిపోతే లాగేదానికి ఇంకో బండి తేవల్ల. మాకూ వద్దులే" అన్నాడు. నా వాదన మొత్తం అట్లా గెలిచింది. చిన్నాయన మాత్రం మనకు రావాల్సిన మన్నులో పన్నెండు ట్రిప్పులు తగ్గాయని మూతి ముడుచుకున్నాడు. ఇంకోచోట నుంచి తోలించుకోవడానికి ఆ డబ్బు నేనే ఇచ్చాను.

కార్తీకంలో ఒక రోజు ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు. వెనక నీళ్ళ హోరు వినిపిస్తోంది.

"చెరువు మొరవ పోతా ఉంది రా అబ్బోడా. నీ నత్తలు నీళ్ళతో పాటు కింది చెరువుకు పోతా ఉండాయి. ఆ పన్నెండు ట్రిప్పుల డబ్బు ఆ ఊరోళ్ళ దగ్గర వసూలు చేసేదా?"